ఆ అబ్బాయి బరువెంత?

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. పదకొండు పేజీలూ ఒక్క బిగిన చదివాను. చివరి పేజీకొచ్చేసరికి కాగితాలు బల్లమీద కొట్టి లేచాను. వంటింట్లోంచి మా ఆవిడ "ఏంటి, కరెంటు బిల్లా?" అంది. "కాదు, చలిచీమలు" అన్నాను.

చలిచీమల పద్యంతో ముగించావు కదా, ఆ పద్యం ఒకసారి మళ్ళీ చదువుకో. అందులో పాముని చంపింది నేర్పు కాదు తల్లీ, సంఖ్య. చీమలన్నీ కలిస్తే పాముకి సరిపోయాయి. కొట్లాట పోటీల్లో నేర్పుంటే ఒళ్ళెంతున్నా లెక్కలోకి రాదని పదకొండు పేజీలు వాదించి, ఒళ్ళే గెలిచిన పద్యం కింద సంతకం పెట్టావు. ఇలాంటి చోట పద్యం పెట్టడం మా తరం జబ్బు. నీకెలా అంటుకుందో తెలియదు.

సరే, మొదటి పేజీకి వస్తాను. "1993లో సన్నటి రాయిస్ గ్రేసీ కొండల్లాంటి మనుషుల్ని ఒక్కొక్కరినే మట్టి కరిపించాడు" అని రాశావు. కొండ అంటే ఎంత? ఎన్ని కిలోలు? ఆ ఏడాది నవంబర్ 12న అమెరికాలో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీలో, అంటే ఏ విద్యవాడైనా దిగి తలపడే పోటీలో, కొండ అనదగ్గవాడు ఒకడే, టైలా టులి. సుమో నుంచి వచ్చినవాడు, 190 కిలోల దాకా ఉంటాడు. అతనికీ రాయిస్‌కీ పోటీయే పడలేదు. టులిని పడగొట్టింది డచ్చివాడు గెరార్డ్ గోర్డో, 26 సెకన్లలో. టులి తూలి కింద పడితే మొహం మీద తన్నాడు, పన్ను ఎగిరి జనంలో పడింది. గోర్డో పొట్టివాడా? ఆరున్నర అడుగులకి ఓ అంగుళం తక్కువ, దగ్గర దగ్గర 100 కిలోలు.

ఇక నీ సన్నటి రాయిస్. అతనిది బ్రెజిల్ జుజిట్సు, నేలమీద పట్లు బిగించే విద్య. ఆరడుగుల ఒక అంగుళం, 80 కిలోలు. మా వీధిలో నడిచొస్తే పిల్లలు పక్కకి తప్పుకుంటారు. అతను ఆ రాత్రి గెలిచిన ముగ్గురిలో జిమర్సన్ 90 కిలోలకి కాస్త తక్కువ, షామ్‌రాక్, గోర్డో నూటికి అటూ ఇటూ. తేడా ఉంది, కాదనను. పదీ ఇరవై కిలోల తేడాకి కొండ అనే మాట చెల్లదంటాను. ఇంకో సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఆ పోటీ పెట్టినవాళ్ళలో రాయిస్ అన్న రోరియన్ ఒకడు. ఇంట్లో రిక్సన్ అనే ఇంకా గట్టి తమ్ముడు ఉండగా, చూడ్డానికి సాదాగా ఉంటాడనే రాయిస్‌ని దింపాడు. అంటే ఆ సన్నదనం ముందే ఎంచి పెట్టుకున్నది. జనం నోరు తెరవాలని పెట్టారు, ముప్పై ఏళ్ళ తర్వాత నువ్వూ తెరిచావు.

నువ్వు మాటిమాటికీ నైపుణ్యం, నైపుణ్యం అంటావు. ఆ మాట కనబడితే నాకు చిరాకు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలవాళ్ళు దాన్ని నమిలి నమిలి పిప్పి చేశారు. డెన్వర్‌లో గెలిచినదానికి నేను పెట్టే పేరు వేరు: ఎదుటివాడి తెలియనితనం. జిమర్సన్ మంచి బాక్సర్. ఒక చేతికే గ్లవ్ తొడుక్కుని వచ్చాడు. రాయిస్ అతన్ని పడేసి గుండెల మీద కూర్చుంటే, ఏ పట్టూ సరిగ్గా పడకముందే నేలని తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. తనకేం జరగబోతోందో తెలియదు. తెలియని చోట బరువు పనికిరాదు, నిజమే. ఈత రానివాడికి నీళ్ళలో కండలెందుకు? అయితే ఆ ఈత కొద్ది నెలల్లో అందరూ నేర్చుకున్నారు. ఆ తర్వాత ఏమైందో నీ వ్యాసంలో లేదు, అసలు కథంతా అక్కడుంది.

1994 సెప్టెంబర్‌లో కిమో అనేవాడు, 110 కిలోల పైమాట, రాయిస్ మీద పడ్డాడు. పెద్దగా విద్య లేదు, బలం ఉంది. ఆ పెనుగులాటలో కిమో జుట్టు పిలక రాయిస్ చేతికి చిక్కింది. చివరికి రాయిస్ చెయ్యి మెలేసి గెలిచాడు, నాలుగు నిమిషాల నలభై సెకన్లలో. నువ్వు అక్కడ ఆపేశావు. తర్వాతి పోటీకి బరిలోకి వచ్చాడు గానీ నిలబడే ఓపిక లేక, ఓటమికి గుర్తుగా తువ్వాలు వేయించుకుని వెనక్కి వెళ్ళిపోయాడే, అదేది? గెలిచినవాడు ఆ గెలుపుకి ఎంత కట్టాడో రాయకుండా గెలుపు ఎలా రాస్తావు?

డిసెంబర్‌లో టల్సాలో డాన్ సెవర్న్. కుస్తీవాడు, 115 కిలోల చుట్టుపక్కల. రాయిస్ పావుగంట అతని కింద వెల్లకిలా పడున్నాడు. 15 నిమిషాల 49 సెకన్లకి కాళ్ళు మెడకి త్రికోణంగా బిగించి గెలిచాడు. అద్భుతం, నేను కాదంటే కళ్ళు పోతాయి. కానీ ఆ రోజు గడియారం లేదు. రౌండ్లు లేవు, లేపి నిలబెట్టే రెఫరీ లేడు. పోటీ ఎంతకీ తేలక కేబుల్‌వాళ్ళ సమయం అయిపోయి, డబ్బు కట్టిన చాలామంది ఇళ్ళలో ప్రసారమే ఆగిపోయింది. తర్వాతి పోటీకల్లా, 1995 ఏప్రిల్‌లో, కాలపరిమితి పెట్టారు. ఆ పోటీలోనే షామ్‌రాక్ రెండోసారి ఎదురుపడ్డాడు. ఈసారి ఏం చెయ్యకూడదో తెలుసుకుని వచ్చాడు. పైన బరువేసి కూర్చున్నాడు, కదల్లేదు. 36 నిమిషాలు. ఎవరూ గెలవలేదు. పదిహేడు నెలల కింద 57 సెకన్లలో ఓడినవాడు! రాయిస్ విద్య తరిగిపోయిందా? ఎదుటివాడి తెలియనితనం తరిగింది.

2006లో మ్యాట్ హ్యూస్‌తో లాస్ ఏంజెలెస్‌లో జరిగినదీ చూడు. ఇద్దరిదీ ఒప్పుకున్న ఒకే బరువు, 79 కిలోలు. మొదటి రౌండు దాటలేదు, రాయిస్ ఓడిపోయాడు. వయసు 39 అంటావు. ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా నా మాట పోదు.

నీకు పనికొచ్చే లెక్క ఇంకోటి చెబుతాను. 1996 ఫిబ్రవరిలో ప్యూర్టోరికోలోని బయమోన్‌లో చిన్నవాళ్ళకీ పెద్దవాళ్ళకీ అని పేరు పెట్టి మరీ ఒక టోర్నీ నడిపారు. మొదటి రౌండులో నాలుగు పోటీలు. డాన్ ఫ్రై తనకంటే ఎంతో బరువైనవాణ్ణి 8 సెకన్లలో పడగొట్టాడు. బోలాండర్ అనే కుర్రాడు తొమ్మిది నిమిషాలు పెనుగులాడి మెడ బిగించి గెలిచాడు. మిగతా రెండింట్లో పెద్దవాళ్ళు వారెలాన్స్, గుడ్‌రిడ్జ్ గెలిచారు. గుడ్‌రిడ్జ్ అవతలివాడి చేతులు రెండూ ఇరికించి మోచేత్తో 13 సెకన్లలో ముగించాడు. చెరి రెండూ. నీ సిద్ధాంతానికీ రెండు, నా సిద్ధాంతానికీ రెండు. ఆ రాత్రి గురించి నువ్వు ఒక్క వాక్యం రాశావు, ఫ్రై పోటీ ఒక్కటే రాశావు.

నా కోపం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. 1980ల్లో ఒక వారపత్రిక కోసం హైదరాబాద్ పాతబస్తీ తాలీంల మీద, అంటే కుస్తీ నేర్పే చోట్ల మీద, రాయడానికి వెళ్ళాను. నాకప్పుడు 51 కిలోలు. తెల్లవారుజామున అఖాడాలో నూనె, మజ్జిగ, పసుపు కలిపిన ఎర్రమట్టి, తడి వాసన. ఉస్తాద్ 110 కిలోల మనిషి. పుస్తకంలో పట్ల పేర్లు రాసుకుంటుంటే నవ్వి, పడుకోమన్నాడు. పడుకున్నాను. నా ఛాతీకి అడ్డంగా తన ఛాతీ వేసి పడుకున్నాడు. అంతే. మెలేయలేదు, నొక్కలేదు. పక్కన కుర్రాడితో ఉల్లిపాయల ధర మాట్లాడుతున్నాడు. నేను ఊపిరి వదిలినప్పుడల్లా ఆ ఛాతీ ఒక వేలు దిగేది. మళ్ళీ పీల్చుకుందామంటే ఆ వేలంత చోటు తిరిగి వచ్చేది కాదు. నోట్లోకి మట్టి వచ్చింది. ఉప్పగా లేదు, పుల్లగా ఉంది. "ఏం చేస్తున్నారు ఉస్తాద్" అని ఎలాగో అన్నాను. "ఏం చెయ్యట్లేదు బేటా, పడుకున్నా" అన్నాడు.

ఇది రాశాను, నా 51 రాశాను, ఆయన 110 రాశాను. సబ్ ఎడిటర్ అంకెలు రెండూ కొట్టేశాడు, పాఠకులకి లెక్కలు విసుగట. పైన శీర్షిక ఏం పెట్టాడో తెలుసా? "పిట్ట కొంచెం, కూత ఘనం." పిట్టని నేను. నేను కూయలేదు, మట్టి తిన్నాను. ఆ సంచిక ఇంకా ఉంది నా దగ్గర.

1996లో అమెరికా నుంచి బంధువొకాయన యూఎఫ్‌సీ వీడియో క్యాసెట్ తెచ్చాడు. అక్కడి క్యాసెట్టు మా వీసీఆర్‌లో రంగుల్లో ఆడలేదు. నలుపు తెలుపుల్లో బొమ్మ పైకి దొర్లుతుండగా ఎమాన్యుయెల్ యార్‌బరోని చూశాను, 270 కిలోల పైన. ఎదురుగా కీత్ హాక్నీ, 90. హాక్నీ అరచేతి దెబ్బకి ఆ మహాకాయుడు కూలాడు. లేచి ఒక్క తోపు తోస్తే పంజరం తలుపు ఊడి హాక్నీ బయటపడ్డాడు. మళ్ళీ లోపలికి వచ్చి, పడున్నవాడి తల మీద గుద్దుతూనే ఉన్నాడు, రెండు నిమిషాల్లో పోటీ అయిపోయింది. నీ వ్యాసంలో ఇదీ ఉంది, బాగానే రాశావు. గుద్ది గుద్ది హాక్నీ చెయ్యి విరిగి, తర్వాతి పోటీ ఆడలేకపోయాడని మాత్రం లేదు.

దాని మీద నేను రాసినది ఏ పత్రికా వెయ్యలేదు. ఒక సంపాదకుడు "ఇది ఆటల పేజీది కాదు, నేరాల పేజీకివ్వు" అన్నాడు. అమెరికాలో మెక్‌కెయిన్ అనే సెనేటర్ దీన్ని మనుషుల కోడిపందెం అన్నాడు. భీమవరం పందెంరాయుళ్ళు వింటే నొచ్చుకుందురు. వాళ్ళు రెండు పుంజుల్నీ చేతుల్లోకి తీసుకుని ఎత్తూ బరువూ చూడందే జత కట్టరు. కోడికున్న ఆ మర్యాద యూఎఫ్‌సీలో మనుషులకి 1997 ఫిబ్రవరికి గానీ దక్కలేదు, అదీ 91 కిలోల దగ్గర ఒక్క గీత గీసి. మన మధుర ఆడవాళ్ళు ఎప్పుడో అడిగారు ఈ మాట, చాణూరుడెక్కడ, ఈ పసివాడెక్కడ, ఇదేం ధర్మం అని. అక్కడ పసివాడు గెలవడానికి కారణం వేరు, దాన్ని నీ వాదంలోకి లాక్కురాకు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. ఈనాటి 70 కిలోల ఛాంపియన్ని 1993 డెన్వర్‌లో దింపితే? చాలామందిని ఓడిస్తాడు. నాకు సందేహం లేదు. గుద్దడం, పడేయడం, పట్టు బిగించడం, గోడకి ఆనుకుని లేవడం అన్నీ వచ్చినవాడు, ఒక్కటే వచ్చినవాళ్ళ మధ్యకి వెళితే అంతే. అదే మనిషిని, ఆరునెలలు నేలమీది పోరు నేర్చుకున్న సెవర్న్ కింద పడుకోబెట్టు, చేతులకి గ్లవ్స్ లేకుండా, తలతో కుమ్మడం చెల్లే ఆ రోజుల్లో. నేను పందెం కాయను. 2002లో టోక్యోలో నోగెయిరా అనేవాడు తనకంటే 50 కిలోలకి పైగా ఎక్కువున్న బాబ్ సాప్‌ని గెలిచాడు కదా అంటావు. గెలిచాడు, రెండో రౌండులో చెయ్యి విరిచిపట్టి. దానికి ముందు తలకిందులుగా ఎత్తి నేలకేసి కుదేశారు అతన్ని. పైగా నోగెయిరాది నూరు కిలోల పైమాట, 70 కాదు.

ఇంత వాదన అక్కర్లేదసలు. ఆ పోటీదారుల్నే చూడు. పోటీ ముందు వారమంతా ఆవిరిగదుల్లో కూర్చుని, నీళ్ళు మానేసి, పెదాలు పగలగొట్టుకుని కిలోలు దించుతారు. 77 కిలోల వర్గం వదిలి 70లోకి దూరడానికి. ఎందుకట? తమకంటే చిన్నవాడితో తలపడాలని. ప్రపంచంలో అందరికంటే విద్య ఎక్కువున్నవాళ్ళు వాళ్ళు. బరువు లెక్కలోకి రాదని వాళ్ళకి నువ్వు చెప్పు, నాకు కాదు.

ఏడో పేజీ. అక్కడికి రావడానికి ఇంత దూరం తిరిగాను. హనుమకొండ జూడో క్లాసులో ఒక అబ్బాయి నిన్ను పడేసి నొక్కిపట్టినప్పుడు, పైన ఫ్యానుకి మూడు రెక్కల్లో ఒకటి వంగి ఉందని, తిరిగేది ఒక్కో చుట్టూ లెక్కపెట్టావని, అతని గడ్డం మీది చెమట నీ కంట్లో పడితే తుడుచుకునే చెయ్యి ఖాళీ లేదని రాశావు. ఐదు వాక్యాలు. నాకు తాలీం మట్టి నోట్లోకి వచ్చినట్టయింది. వెంటనే కొత్త పేరా ఎత్తుకుని "కానీ నైపుణ్యం ముందు..." అన్నావు. ఆ రోజు నువ్వు లేవలేకపోయావని రాయడానికి సిగ్గుపడ్డావు, అందుకే డెన్వర్ పారిపోయావు. ఆ ఐదు వాక్యాల దగ్గర మొదలుపెట్టి మళ్ళీ రాయి. రాయిస్‌ని తర్వాత తీసుకురా.

నీ బరువు 48 అని రాసుకున్నావు. అతనిది రాయలేదు. కనుక్కుని రాయి.

మూడు ప్రశ్నలు అడిగావు. ఇంగ్లీషులో రాయాలా అని ఒకటి. వద్దు. మిగతా రెండూ ఉన్న కాగితం ఎక్కడో పెట్టాను, కనబడటం లేదు.

ఉంటాను.

తాజా కలం: పైన ఉస్తాద్‌ది 110 కిలోలు అని రాశాను. ఇన్నేళ్ళూ అలాగే చెబుతున్నాను. ఆయన్ని తూకం మీద నిలబెట్టి చూసింది లేదు. అప్పుడు అడగాలని తోచలేదు, ఊపిరి కూడదీసుకుంటున్నాను.