పెట్టె మీది పేరు కాదు, లోపలి చిప్ ఏదో చూడండి

ప్రశ్న: నా దగ్గరున్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ విండోస్‌లో చక్కగా పనిచేస్తోంది. అదే కంప్యూటర్‌లో లినక్స్ తెరిస్తే లైటు వెలుగుతోంది గానీ ఒక్క నెట్‌వర్క్ కూడా కనబడటం లేదు. ఇంటర్నెట్‌లో దొరికిన డ్రైవర్లు కొన్ని వేసి చూసినా ఫలితం లేకపోయింది. అడాప్టర్ మార్చవలసిందేనా?

జవాబు: తొందరపడి మార్చకండి. విండోస్‌లో పనిచేస్తోంది కనుక పరికరం బాగానే ఉందనుకోవచ్చు. ముందుగా మీరు వేసిన డ్రైవర్లన్నీ తీసేయండి. ఒకే చిప్ కోసం రెండు డ్రైవర్లు పోటీపడుతుంటే అసలు లోపం ఎక్కడుందో తేల్చుకోవడం కష్టం.

ఇప్పుడు అడాప్టర్ పెట్టి, టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీలో) 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' (lsusb) కమాండ్ ఇవ్వండి. అడాప్టర్ ఉన్న వరుసలో ఐడీ అన్న చోట, మధ్యలో కోలన్‌తో, నాలుగేసి అక్షరాల సంకేతాలు రెండు కనిపిస్తాయి. డ్రైవర్‌ను వెతకవలసింది ఈ సంకేతంతోనే గానీ పెట్టె మీది పేరుతో కాదు, ఎందుకంటే ఒకే మోడల్ పేరుతో వేర్వేరు చిప్‌లున్న అడాప్టర్లు అమ్ముడవుతుంటాయి.

ఆ సంకేతం '0బీడీఏ:1ఏ2బీ' (0bda:1a2b) అయితే మీ చిక్కు చాలావరకు తేలినట్టే. రియల్‌టెక్ చిప్‌లున్న కొన్ని అడాప్టర్లు, విండోస్ డ్రైవర్‌ను తమలోనే మోసుకొస్తూ, పెట్టగానే కంప్యూటర్‌కు సీడీ డ్రైవ్‌గా కనిపిస్తాయి. విండోస్‌లో డ్రైవర్ ఎక్కాక అవి వైఫై రూపానికి మారతాయి. లినక్స్‌లో ఆ మార్పు జరగకపోతే సీడీగానే ఉండిపోతాయి. ఫైల్ మేనేజర్‌లో ఆ డిస్క్‌ను ఎజెక్ట్ చేసి మళ్లీ అదే కమాండ్ ఇస్తే సంకేతం మారి ఉండాలి. ఈ పని ప్రతిసారీ దానంతటదే జరగడానికి 'యూఎస్‌బీ మోడ్‌స్విచ్' ప్యాకేజీ ఉంది.

సంకేతం వేరేదైతే, అడాప్టర్ తీసి మళ్లీ పెట్టిన వెంటనే 'సుడో డీఎంఈఎస్‌జీ' (sudo dmesg) కమాండ్ ఇచ్చి చివరి వరుసలు చదవండి. ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) లోడ్ కాలేదంటూ ఎర్రర్ -2 కనిపిస్తే, డ్రైవర్ ఉంది గానీ దానికి కావలసిన ఫర్మ్‌వేర్ ఫైలు లేదని అర్థం. మీ లినక్స్ డిస్ట్రిబ్యూషన్ (ఉబుంటు, ఫెడోరా వంటిది) వారి ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేస్తే చాలు. డ్రైవర్ ఊసే లేకపోతే లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నల్ వెర్షన్ చూడండి. ఉదాహరణకు ఆర్‌టీఎల్8822బీయూ, ఆర్‌టీఎల్8821సీయూ చిప్‌లకు 2023లో వచ్చిన 6.2 కెర్నల్ నుంచి డ్రైవర్ అందులోనే ఉంది. బయటి డ్రైవర్ల వెంటపడేకన్నా కెర్నల్‌ను అప్‌డేట్ చేసుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే బయటి డ్రైవర్ కెర్నల్ మారినప్పుడల్లా మళ్లీ కంపైల్ కావాలి, అంటే సోర్స్ కోడ్ నుంచి తయారు కావాలి. పైగా నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. మీరు వేసినవి పనిచేయకపోవడానికి అదే కారణం కావచ్చు.

డ్రైవర్ ఎక్కినా నెట్‌వర్క్‌లు కనబడకపోతే 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' (rfkill list) కమాండ్ ఇచ్చి వైఫై బ్లాక్ అయి ఉందేమో చూడండి. నెట్‌వర్క్‌లు కనిపించి, పాస్‌వర్డ్ సరైనదే అయినా పదేపదే అడుగుతుంటే, నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగుల్లో స్కానింగ్ సమయంలో మ్యాక్ అడ్రస్ (అడాప్టర్ గుర్తింపు సంఖ్య) మార్చే సదుపాయాన్ని ఆపి చూడండి. కొన్ని డ్రైవర్లకు అది సరిపడదు.

ఇవన్నీ అయ్యాక కూడా మీ చిప్‌కు కెర్నల్‌లో డ్రైవర్ లేదని తేలితే, అప్పుడు మార్చడమే మంచిది. మీడియాటెక్ ఎంటీ7612యూ చిప్ ఉన్న అడాప్టర్‌కు 4.19 కెర్నల్ నుంచే డ్రైవర్ ఉంది కనుక, విడిగా ఏదీ కంపైల్ చేయవలసిన పని ఉండదు.