ఉగాండా నుంచి వచ్చాక చలిజ్వరం: వైడాల్ చూసి టైఫాయిడ్ అనుకోవద్దు

ప్రశ్న: మావారికి 42 ఏళ్లు. మా సంఘం తరఫున మరికొందరితో కలిసి మూడు వారాల మిషన్ ట్రిప్‌కి ఉగాండా వెళ్లొచ్చారు. జింజా చుట్టుపక్కల పల్లెల్లో సువార్త కూడికలు, ఒక మెడికల్ క్యాంపు, చివరి వారంలో నైలు నదిలో బాప్తిస్మాలు జరిపారు. ఇంటికొచ్చి 18 రోజులైంది. నాలుగు రోజులుగా చలితో జ్వరం, ఒళ్లునొప్పులు. చెమటపట్టి తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. మా ఊళ్లో రక్తపరీక్ష చేసి వైడాల్ పాజిటివ్, టైఫాయిడ్ అన్నారు. మూడు రోజులుగా ఇంజెక్షన్లు చేస్తున్నారు. మలేరియా రాకుండా ఇచ్చిన డాక్సీసైక్లిన్ మాత్రలు ఇల్లు చేరగానే ఆపేశారు. ‘మనల్ని దోమలు కుట్టని రోజేది, మనకేం కాదులే’ అంటారు. పైగా వచ్చిన దగ్గర్నుంచి ముభావంగా ఉంటున్నారు. ఆదివారం ఆరాధనకు కూడా బలవంతంగా వస్తున్నారు. మాకూ పిల్లలకూ ఏమైనా అంటుకుంటుందా? నది నీళ్లవల్ల ఏమైనా వస్తుందా? వచ్చే జనవరిలో మా పన్నెండేళ్ల బాబును కూడా తీసుకెళ్తానంటున్నారు. వెళ్లనివ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మిగతాది తర్వాత చదవండి. ముందు మీవారిని ఈ రోజే, రాత్రయినా సరే, ఫిజీషియన్, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. బయల్దేరే ముందు ఫోన్ చేసి ‘ఉగాండా నుంచి వచ్చి 18 రోజులు, నాలుగు రోజులుగా చలిజ్వరం, మలేరియా మాత్రలు మధ్యలో ఆపేశారు’ అని చెప్పండి. అది కాదని రుజువయ్యేదాకా దీన్ని ఫాల్సిపారమ్ మలేరియాగానే (మలేరియాలో ప్రాణం మీదకు తెచ్చే రకం) చూడాలి. మాట తడబడటం, మగత, కళ్లు పచ్చబడటం, మూత్రం నల్లగా రావడం లేదా తగ్గిపోవడం, ఆయాసం, ఫిట్స్, నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి.

ఫోన్ చేసి వెళ్లమనడానికి ఇంకో కారణం ఉంది. ఉగాండాలో 2022లో, మళ్లీ 2025 మొదట్లో సూడాన్ రకం ఎబోలా (రోగి రక్తం, ఒంటి ద్రవాలు తగిలితే అంటుకునే ప్రాణాంతక జబ్బు) వచ్చింది. ఎబోలా బయటపడటానికి 21 రోజుల వరకూ పట్టొచ్చు. మీవారికి అదే వచ్చిందని నేననడం లేదు, మలేరియాకున్న అవకాశంతో పోలిస్తే అది చాలా తక్కువ. కానీ అక్కడ అంత్యక్రియలకు వెళ్లారా, క్యాంపులో రక్తం తగిలిందా, బాగా జబ్బుచేసిన వాళ్లను పట్టుకుని ప్రార్థించారా అని డాక్టర్ అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పమనండి.

ఇక వైడాల్ సంగతి. మన జిల్లాల్లో జ్వరమంటే మొదట రాసే పరీక్ష అదే, ఎక్కువసార్లు దారి తప్పించేదీ అదే. అది క్రిమిని వెతకదు, రక్తంలోని యాంటీబాడీలను లెక్కపెడుతుంది. ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్ వల్ల, టీకా వల్ల, చివరికి మలేరియా వల్ల కూడా పాజిటివ్ రావొచ్చు. వైడాల్ రిపోర్టులో 1:80 అనే అంకె మన దగ్గర ఆరోగ్యంగా తిరుగుతున్న వాళ్లలోనూ కనిపిస్తుంది. టైఫాయిడ్‌ను తేల్చాలంటే బ్లడ్ కల్చర్ కావాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టాక అందులో క్రిమి దొరికే అవకాశం తగ్గుతుంది, అయినా పంపించాల్సిందే. మూడు రోజుల ఇంజెక్షన్లకు జ్వరం తగ్గలేదు కాబట్టి టైఫాయిడ్ కాదని కూడా అనలేం. నిజమైన టైఫాయిడే అయినా సరైన మందు మీద తగ్గడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. అసలు ప్రమాదం వేరే ఉంది. టైఫాయిడ్‌కి వాడే సెఫ్‌ట్రియాక్సోన్ మలేరియా మీద పనిచేయదు. ఆ ఆరు రోజులూ ఓపిక పడదామని ఎదురుచూస్తే ఫాల్సిపారమ్ మెదడుకో కిడ్నీలకో చేరుతుంది.

ఆసుపత్రిలో జరగాల్సినవి ఇవీ: మలేరియాకు మందపాటి, పల్చటి రక్తపు పూతలు రెండూ, దానితోపాటు కార్డు పరీక్ష (నిమిషాల్లో ఫలితమిచ్చే ర్యాపిడ్ కిట్). ప్లేట్‌లెట్లు, ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు)తో సహా రక్తకణాల లెక్క, షుగర్, క్రియాటినిన్, లివర్ పరీక్షలు, బ్లడ్ కల్చర్, డెంగీ పరీక్ష. కార్డు ఒక్కటీ నెగెటివ్ వచ్చిందని ఇంటికి రావొద్దు. చాలా కార్డులు పరాన్నజీవి విడుదల చేసే హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. తూర్పు ఆఫ్రికాలో కొన్ని రకాలకు ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువే లేకుండా పోయింది, వాటిని ఆ కార్డు చూడలేదు. రక్తపు పూత మొదటిసారి నెగెటివ్ అయితే 12 నుంచి 24 గంటల తేడాతో మొత్తం మూడుసార్లు చూడాలి.

ఈలోపు జ్వరానికి పారాసిటమాల్ 650 మి.గ్రా. ఆరు గంటలకోసారి చాలు. డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వద్దు, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే రక్తస్రావం కావొచ్చు. ‘జ్వరం దిగే సూది’ పేరుతో స్టెరాయిడ్ ఇస్తే అస్సలు ఒప్పుకోవద్దు. అది జ్వరాన్ని కప్పేస్తుంది, జబ్బును కాదు. ఇంట్లో మిగిలిన డాక్సీ మాత్రలు ఇప్పుడు మళ్లీ వేసుకోవద్దు. క్రిములు కొంత అణిగి పూతలో కనిపించకుండా పోవచ్చు.

మలేరియా అని తేలితే ఈ మాట డాక్టర్ చెవిన వేయండి. మన రాష్ట్రాల్లో ఫాల్సిపారమ్‌కు ప్రభుత్వ కార్యక్రమం కింద చాలాకాలంగా ఆర్టిసునేట్‌తో కలిపి సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ ఇస్తూ వచ్చారు. తూర్పు ఆఫ్రికా ఫాల్సిపారమ్ ఆ రెండో మందుకు బాగా లొంగకుండా పోయింది. అందుకని అక్కడ అంటుకున్న దానికి, ఇబ్బందులు లేకపోతే, ఆర్టిమెథర్-ల్యూమెఫాంట్రిన్ మేలు. పెద్దవాళ్లకు 80/480 మి.గ్రా. మాత్రలు మొత్తం ఆరు. మొదటిది వేసిన ఎనిమిది గంటలకు రెండోది, తర్వాత రెండు రోజులు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. పాలతోనో నెయ్యి వేసిన అన్నంతోనో వేసుకోవాలి, కొవ్వు లేకుండా ఆ మందు సరిగ్గా ఒంటికి పట్టదు. గంటలోపు వాంతి అయితే ఆ డోసు మళ్లీ ఇవ్వాలి. రెండో రోజుకే జ్వరం తగ్గిందని మిగతావి ఆపకూడదు. జబ్బు తీవ్రమైతే మాత్రల పని కాదు, నరంలోకి ఆర్టిసునేట్ ఇవ్వాల్సిందే. ఉగాండాలో కొన్నిచోట్ల ఆర్టిమిసినిన్ మందులకూ (ఆర్టిసునేట్, ఆర్టిమెథర్ ఆ జాతివే) పాక్షికంగా లొంగని రకాలు కనిపించాయి. కాబట్టి మూడో రోజు రక్తపు పూత మళ్లీ చూడమనండి. ప్రైమాక్విన్ మాత్ర కూడా రాస్తే ముందు జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) పరీక్ష గురించి అడగండి.

‘మనల్ని రోజూ దోమలు కుడుతూనే ఉన్నాయిగా’ అన్న మాటకు వస్తే, దోమ కుట్టడం వల్ల మలేరియాకు రక్షణ రాదు, మలేరియా పదేపదే వస్తేనే కొంత వస్తుంది. తెనాలిలో పెరిగిన మనిషికి ఆ రక్షణ ఉండదు. చిన్నప్పట్నుంచీ జ్వరాలు పడ్డ అరకు, పాడేరు ఏజెన్సీ వాళ్లకు కొంత ఉన్నా, ఊరొదిలి కొన్నేళ్లయితే అదీ పోతుంది. మీవారి తప్పు చాలామంది చేసేదే. విమానం దిగగానే మాత్రలు ఆపేస్తారు. దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి చేరిన క్రిములు ముందు కాలేయంలో దాక్కుంటాయి. ఫాల్సిపారమ్ అక్కడ వారం దాకా ఉండి తర్వాత రక్తంలోకి దిగుతుంది. డాక్సీ ప్రధానంగా రక్తంలోకి దిగిన క్రిముల్నే అడ్డుకుంటుంది. ఆఖరి రాత్రి కుట్టిన దోమ తాలూకు క్రిములు ఇంటికొచ్చాకే బయటికొస్తాయి కాబట్టి, ఆ దేశం వదిలాక ఇంకా నాలుగు వారాలు రోజూ వేసుకోవాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అనే మరో నివారణ మాత్ర కాలేయంలోనూ పనిచేస్తుంది, అది ఏడు రోజులు చాలు. మీ బృందంలో ఇంకెవరైనా ఇలాగే ఆపేసి ఉంటే, జ్వరం లేకపోయినా, ఈ వారమే డాక్టర్‌ను కలిసి మిగతా రోజులకు మాత్రలు మొదలుపెట్టాలేమో అడగమనండి. తిరిగొచ్చాక మూడు నెలల్లోపు ఎవరికి జ్వరం వచ్చినా అదే రోజు మలేరియా పరీక్ష చేయించుకోవాలి.

మీకూ పిల్లలకూ మలేరియా ముట్టుకుంటే అంటుకోదు. ఆయన్ను కుట్టిన అనాఫిలిస్ దోమ మిమ్మల్ని కుడితే రావొచ్చు కాబట్టి చికిత్స పూర్తయ్యేదాకా ఆయన దోమతెరలో పడుకోవాలి. క్యాంపులో సూది గుచ్చుకుని ఉంటే మాత్రం సంగతి వేరు. హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి, ఆ గడువు దాటిపోయింది. ఇప్పుడు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేయించి, డాక్టర్ చెప్పిన తేదీకి మళ్లీ చేయించాలి. అప్పటిదాకా కండోమ్ వాడండి.

నైలు నీళ్ల గురించి మీరడగడం మంచిదైంది. జింజా దగ్గర నైలు విక్టోరియా సరస్సులోంచి బయటికొస్తుంది. ఆ సరస్సులో, ఆ ఒడ్డున బిల్‌హార్జియా అనే పురుగు జబ్బు ఉంది. నీటి నత్తల నుంచి కంటికి కనిపించని పిల్లపురుగులు బయటికొచ్చి, నీళ్లలో నిలబడ్డ మనిషి చర్మంలోంచి లోపలికి దూరతాయి. నీళ్లు తాగక్కర్లేదు, పుండూ ఉండక్కర్లేదు. బాప్తిస్మం తీసుకునేవారు నిమిషంలో బయటికొస్తారు. ఇచ్చే సేవకుడు మాత్రం నడుము లోతు నీళ్లలో గంటల తరబడి నిలబడతాడు. కాబట్టి అందరికన్నా ఎక్కువ ముప్పు ఆయనకే. ‘పారే నీళ్లేగా, ఒడ్డుకొచ్చి గట్టిగా తుడుచుకున్నాంగా’ అన్నది నమ్మదగ్గ రక్షణ కాదు.

మన దగ్గర ఈ జబ్బు దాదాపు లేదు కాబట్టి మన డాక్టర్లకు అది వెంటనే గుర్తుకు రాదు, మీరే గుర్తుచేయాలి. నీళ్లలో దిగిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో జ్వరం, పొడిదగ్గు, దద్దుర్లు రావొచ్చు, ఇసినోఫిల్స్ బాగా పెరుగుతాయి. అంటే ఇప్పటి జ్వరానికీ ఇదొక కారణం కావొచ్చు. అయితే ముందు తేల్చాల్సింది మలేరియానే. నదిలో ఆఖరిసారి దిగిన తేదీ రాసిపెట్టుకోండి. ఆ తేదీ నుంచి ఎనిమిది వారాలు దాటాక రక్తంలో యాంటీబాడీ పరీక్ష (పెద్ద ల్యాబ్‌కు పంపాల్సి రావొచ్చు), మల పరీక్ష చేయించండి. మందు ప్రాజిక్వాంటెల్, కిలో బరువుకు 40 మి.గ్రా. చొప్పున, ఒకే రోజు రెండు విడతలుగా. 60 కిలోల మనిషికి 600 మి.గ్రా. మాత్రలు నాలుగు. ముందే వేసేస్తే పనైపోతుందని తొందరపడొద్దు. ఆ మందు ఎదిగిన పురుగుల్నే చంపుతుంది, పిల్లపురుగులు తప్పించుకుంటాయి. అందుకే ఆ ఎనిమిది వారాల ఎడం. అదే నీళ్లలో దిగిన బృంద సభ్యులంతా, ఏ ఇబ్బందీ లేకపోయినా, ఈ పరీక్ష చేయించుకోవాలి.

ఆయన ముభావంగా ఉండటం గురించి. ఇది ప్రయాణ బడలిక కాదు. మనకూ ఉగాండాకూ రెండున్నర గంటలే తేడా, దానికి 18 రోజులు నిద్ర చెడదు. జ్వరం, రక్తం తగ్గడం, కాలేయం వాపు కూడా మనిషిని ఇలాగే నీరసపరుస్తాయి. కాబట్టి ముందు ఒంటి సంగతి తేలనివ్వండి. అది సర్దుకున్నాక కూడా, అక్కడి లేమి చూసొచ్చిన వాళ్లకు ఇక్కడి ఖర్చులు, మాటలు, చివరికి సంఘంలోని చిన్నచిన్న తగవులు కూడా కొన్ని వారాలు చిరాకు పుట్టించడం మామూలే. దాన్ని విశ్వాసం తగ్గడంగా చూడొద్దు. తిరిగొచ్చిన నెల రోజుల్లో ప్రతి కూడికలోనూ సాక్ష్యం చెప్పమని పిలుస్తారు, అవి కొన్నాళ్లు ఆపమని పాస్టర్ గారితో మీరే చెప్పండి. ‘ట్రిప్ ఎలా జరిగింది’ అనే ప్రశ్నకు ‘బాగానే’ అనే జవాబే వస్తుంది. బదులుగా ఒక ఫోటో చూపించి అందులో ఎవరున్నారో అడగండి. ఆయనతో వెళ్లినవాళ్లతో కూర్చోబెట్టడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి తగ్గి, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, లేదా బతకాలని లేదన్న మాట ఒక్కసారి వచ్చినా, సైకియాట్రిస్ట్‌ను కలవండి. టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు.

బాబును తీసుకెళ్లొచ్చు, కానీ ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ట్రావెల్ క్లినిక్‌కు వెళ్లాలి. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుండా ఉగాండా రానివ్వదు. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల వరకూ క్వారంటైన్‌లో ఉంచుతారు. టీకా వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, ఒక్క డోసు జీవితాంతానికి సరిపోతుంది. మీవారి పాత కార్డు పారేయకండి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, విశాఖ పోర్టు హెల్త్ ఆఫీసులో వేస్తారు. సీసా తెరిస్తే కొద్ది గంటల్లో వాడేయాలి కాబట్టి కొన్ని రోజుల్లోనే ఇస్తారు, కనుక్కుని వెళ్లండి. గుడ్డుకు తీవ్రమైన అలర్జీ ఉంటే, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా కూడా వేయించండి. పన్నెండేళ్ల పిల్లలకు డాక్సీ ఇవ్వొచ్చు, మోతాదు బరువును బట్టి ఉంటుంది. గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు, లేకపోతే గొంతు కింద పుండు పడొచ్చు. పాలతో, ఐరన్ మాత్రలతో కలపకూడదు. ఎండకు చర్మం మండుతుంది కాబట్టి టోపీ, నిండు చేతుల చొక్కా ఉండాలి.

మలేరియా దోమ రాత్రిపూట కుడుతుంది, మన కూడికలూ రాత్రే. కాళ్లకు సాక్సులు, బయట ఉన్న చర్మానికి దోమల క్రీము వేసుకోవాలి. మన ట్యూబు క్రీములు కొద్ది గంటలే పనిచేస్తాయి, కూడిక మధ్యలో మళ్లీ రాయాలి. బయట ఆరేసిన బట్టల్ని, కుట్లతో సహా, వేడిగా ఇస్త్రీ చేయకుండా తొడగొద్దు. అక్కడి ఒక ఈగ తడిబట్టల మీద గుడ్లు పెడుతుంది, పురుగు చర్మంలో చేరి సెగగడ్డలా లేస్తుంది. చెప్పుల్లేకుండా నడవొద్దు. బాప్తిస్మాలకు బోరు నీళ్లు నింపిన తొట్టి వాడమని ఇప్పుడే అక్కడి సంఘానికి రాయించండి. సరస్సు నీళ్లు తప్పకపోతే, నత్తలు రాకుండా మూత వేసిన ట్యాంకులో రెండు రోజులు నిల్వ ఉంచాక వాడాలి.