యూరియా గాలిని కొలిస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. నాలుగెకరాల వరి చేస్తున్నాం. మా అమ్మాయి ఈ ఏడాది బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తి చేస్తోంది. ఎమ్మెస్సీలో చేరి ఇండియా, బంగ్లాదేశ్ వ్యవసాయం నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్‌ను పోల్చి చూస్తానంటోంది. ఏఓ (వ్యవసాయ అధికారి) పరీక్షకు చదువుకోమంటే వినడం లేదు. ఈ చదువుకు ఉద్యోగం ఉంటుందాండీ? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఉన్నమాట చెప్పేస్తానండీ. ‘నైట్రస్ ఆక్సైడ్ కొలిచేవారు కావలెను’ అని పేపర్లో ప్రకటన పడదు. అలాగని అమ్మాయి పనికిరాని దారి పట్టిందని కూడా అనుకోకండి. సబ్జెక్టు మంచిదే. నాకు నచ్చనిదల్లా ఆ రెండు దేశాల పోలిక.

ఆ వాయువు మీ చేలోనూ పుడుతుంది. మీరు చల్లిన యూరియాలో కొంత పైరు తీసుకుంటుంది, కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. మిగిలిన దాని మీద మట్టిలోని సూక్ష్మజీవులు పడతాయి. చేను నిండా నీరు నిలిచి ఉంటే నైట్రస్ ఆక్సైడ్ తక్కువగా వస్తుంది. చేను ఆరి మళ్లీ తడిసినప్పుడు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. భూమిని వేడెక్కించడంలో, వందేళ్ల లెక్కన, ఈ వాయువు ఒక కిలో అంటే 273 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

ఇప్పుడు 45 కిలోల బస్తా తీసుకోండి. యూరియాలో 46 శాతం నత్రజని కాబట్టి బస్తాలో ఉండేది 20.7 కిలోలు. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2006లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మెట్ట పైరుకు వేసిన నత్రజనిలో 1 శాతం, నీరు నిలిచిన వరిలో అయితే 0.3 శాతం ఈ రూపంలో నేరుగా పోతుందని లెక్క కడతారు. బస్తాకు మెట్టలో సుమారు 325 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్, వరి చేలో వంద గ్రాముల లోపు. 2019లో ఈ శాతాలను, అంటే గుణకాలను, సవరించారు గానీ పద్ధతి మాత్రం అదే.

చిక్కంతా ఇక్కడే ఉందండీ. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దేశాలవారీగా ఇచ్చే అంకెలు ఇలాంటి ఉమ్మడి గుణకాలతో వేసినవే. వాటిని పక్కపక్కన పెట్టి గ్రాఫు గీస్తే మీ అమ్మాయి పోల్చేది వాయువును కాదు, ఎరువు బస్తాలనూ పశువుల సంఖ్యనూ. మన దగ్గర 2015 నుంచి యూరియా మొత్తానికీ వేప పూత తప్పనిసరి చేశారు. బంగ్లాదేశ్‌లో కొందరు రైతులు ‘గుటి యూరియా’ అనే గుళికలను నాలుగు కుదుళ్ల మధ్య బురదలోకి చేత్తో దిగనొక్కుతారు. నత్రజని వృథాను తగ్గించే ఈ రెండు పద్ధతులూ ఆ లెక్కలో కనబడవు. పైగా ఇండియా సగటులో పంజాబ్ గోధుమ, అనంతపురం వేరుశనగ, మీ వరి అన్నీ కలిసిపోతాయి. బస్తాలు లెక్కపెట్టడానికి రెండేళ్ల ఎమ్మెస్సీ ఎందుకు?

అందుకే దేశాలు వదిలేసి, మన దాళ్వాను, అంటే రబీ వరిని, బంగ్లాదేశ్‌లో బోరో అనే వరి పంటతో పోల్చమని చెప్పండి. రెండూ డెల్టా నేలల్లో వానలు లేని కాలపు వరి పంటలే. తేడా నీటిలో ఉంది. బోరోకు ఎక్కువగా బోరు నీరు, మనకు ధవళేశ్వరం కాలువ. గోదావరిలో నీరు తగ్గిన ఏడాది వంతులు పెడతారు కదా, అప్పుడు మీ చేను ఎన్ని రోజులు ఆరింది, యూరియా చల్లిన ఎన్నో రోజున వంతు నీరొచ్చింది అన్నది మీకు తెలుసు, ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు తెలియదు.

ఇక కొలవడం. మొక్కల మీద అక్రిలిక్ పెట్టె బోర్లించి, అడుగున గాలి పోకుండా నీటి కట్టు పెట్టి, సున్నా, ముప్పై, అరవై నిమిషాలకు సిరంజితో గాలి లాగుతారు. దాన్ని గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే, వాయువులను విడదీసి కొలిచే మిషన్‌లో పెట్టి చూస్తారు. యూరియా చల్లిన వారం ఈ పని రోజూ ఉంటుంది. మోకాలి లోతు బురదలో అమ్మాయి నిలబడగలదా అని మాత్రం సందేహపడకండి, వరి రైతు బిడ్డ.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకు కన్నా ముందు ఆ మిషన్ నడుస్తోందా అని అడగమనండి. నేను చూసిన ఒక చోట దానికి కావాల్సిన గ్యాస్ సిలిండర్ కొనలేదని ఏడాదిపాటు దాని మీద గుడ్డ కప్పి ఉంచారు, పిల్లల థీసిస్‌లు అలాగే ఆగిపోయాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐఏఆర్ఐ) పర్యావరణ విభాగం, కటక్‌లోని వరి పరిశోధన సంస్థ ఈ పనిలో పాత కాపులు. మృత్తిక శాస్త్రంలో గానీ, అగ్రానమీలో (పైర్ల సాగు శాస్త్రం) గానీ సీటు వచ్చినా సరిపోతుంది. దగ్గరే ఉంది కదా, మార్టేరు పరిశోధన స్థానానికి ఒకసారి వెళ్లి అక్కడి శాస్త్రవేత్తలతో మాట్లాడి రమ్మనండి.

ఉద్యోగం మాటకొస్తే, ఏఓ పరీక్షకూ, బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి పరీక్షకూ బీఎస్సీ చాలు. ఎమ్మెస్సీ వాటికి అడ్డం కాదు, రెండూ రాయమనండి. వరి పొలాల్లో తగ్గించిన వాయువుల లెక్కను అమ్ముకునే కార్బన్ క్రెడిట్ ప్రాజెక్టులకు కొలవడం, లెక్క కట్టడం వచ్చినవాళ్లు కావాలి. అక్కడ మొదటి జీతం మరీ ఎక్కువ ఉండదు, కాంట్రాక్టు పనులే ఎక్కువ. అధ్యాపక వృత్తి కావాలంటే నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష, ఆపైన పీహెచ్‌డీ, అంటే ఇంకో అయిదారేళ్లు. అంత కాలం ఇంటి నుంచి డబ్బు పంపగలరా లేదా అన్నది అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఇప్పుడే మాట్లాడుకోండి. ఫెలోషిప్ వస్తే చేస్తాను, రాకపోతే ఏఓకు చదువుతాను అని ఆమె గడువు పెట్టుకుంటే మీరు ఒప్పుకోవచ్చు.

ఈలోగా ఈ దాళ్వాకు ఒక నోటు పుస్తకం ఇవ్వండి. యూరియా ఎప్పుడు ఎన్ని కిలోలు చల్లారో, నీరు ఎప్పుడు తీశారో, ఎప్పుడు పెట్టారో మీరు చెబుతుంటే ఆమె రాస్తుంది.