టెక్ సందేహాలు: పక్కనే సింహాద్రి ఉన్నా కరెంటు ఎందుకు పోతోంది?

ప్రశ్న: మాది విశాఖ గాజువాక. ఇంటి నుంచే ఉద్యోగం. నాలుగు చినుకులు పడితే చాలు, కరెంటు రెండు మూడుసార్లు పోయి వచ్చి, ఆనక పూర్తిగా పోతోంది. వైఫై ఆగిపోతే మీటింగులో ఒకటే టెన్షన్. పరవాడలో సింహాద్రి అనే అంత పెద్ద విద్యుత్ ప్లాంటు ఉండగా మాకెందుకీ తిప్పలు? వైఫై కోసం ఇన్వర్టర్ కొనాల్సిందేనా?

జవాబు: సింహాద్రి సామర్థ్యం 2000 మెగావాట్లు. కానీ ఆ కరెంటు నేరుగా మీ వీధికి రాదు. 400 కేవీ (కేవీ అంటే వెయ్యి వోల్టులు) లైన్లలో గ్రిడ్‌కు, అంటే ప్లాంట్లనూ ఊళ్లనూ కలిపే పెద్ద లైన్ల వలకు చేరి, సబ్‌స్టేషన్లలో దశలవారీగా 33 కేవీకి, 11 కేవీకి తగ్గి, వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాటాక 230 వోల్టులుగా ఇంట్లోకొస్తుంది. వానకు దెబ్బతినేది ఎక్కువగా ఈ చివరి లైన్లే. పెద్ద గ్రిడ్ కూలడం అరుదు. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కూలినా దక్షిణాది గ్రిడ్ నిలబడింది. అప్పట్లో మిగతా దేశంతో మనల్ని కలిపినవి డీసీ లింకులే (అవి ఒకవైపు కుదుపును రెండోవైపుకు నేరుగా పాకనివ్వవు), వాటిలో ఒకటి మీ గాజువాకలోనే ఉంది.

మన ఊళ్లో అసలు తంటా ఉప్పుగాలితో. తీగలోని కరెంటు స్తంభంలోకి పోకుండా ఆపే ఇన్సులేటర్ల మీద ఆ ఉప్పు పొరలా పడుతుంది. పొడిగా ఉన్నంతసేపు ఫర్వాలేదు. తుంపర పడితే పొర తడిసి, దాని మీదుగా కరెంటు పారి లైన్ ట్రిప్పవుతుంది. కుండపోత వానైతే ఉప్పును కడిగేస్తుంది, అందుకే ఒక్కోసారి జడివాన కంటే చిరుజల్లే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కరెంటు పోయి రావడమంటారా, అది లైన్‌ను మళ్లీ ఆన్ చేసి చూడటం. తీగకు తగిలిన కొమ్మ తప్పుకుంటే సరఫరా నిలుస్తుంది. లోపం అలాగే ఉంటే లైన్‌మన్ వెళ్లాల్సిందే.

2014 హుద్‌హుద్ తుపానుకు స్తంభాలు వరసగా కూలాక నగరంలో కొంతమేర భూగర్భ కేబుళ్లు వేశారు. తీరం వెంబడి ప్రతి కాలనీకీ అవి రావాలనే నా కోరిక. వాటిలో లోపం వస్తే వెతకడానికి ఎక్కువసేపు పడుతుంది, అయినా మేలే.

వైఫై ఒక్కదానికే అయితే ఇన్వర్టర్ అక్కర్లేదు, రూటర్‌కు పెట్టే మినీ యూపీఎస్ (చిన్న బ్యాటరీ బ్యాకప్) చాలు. అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టేజీ, ఆంపియర్లు చూసి దానికి సరిపోయేదే కొనండి. ఫైబర్ బాక్సు, రూటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ బ్యాకప్ కావాలి. కొనేముందు, మీ నెట్ కంపెనీదే వాడుతూ ఇన్వర్టర్ ఉన్న పక్కింటివాళ్లను అడగండి: కరెంటు పోయినప్పుడు వాళ్లకు నెట్ వస్తోందా? రాకపోతే లోపం ఆపరేటర్ వైపు బ్యాకప్‌లో ఉన్నట్టే, యూపీఎస్ కొన్నా దండగ.

కరెంటు ఫిర్యాదుకు 1912కు ఫోన్ చేయండి. బిల్లు మీది సర్వీస్ నంబర్ దగ్గర పెట్టుకోండి.