పొగ జాడ పట్టే చదువు ఎక్కడుంది?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. పాప హనుమకొండలో ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఎప్పుడు చూసినా ఫోన్‌లో శాటిలైట్ మ్యాపులే. అడవి మంటల పొగ, ఎడారి దుమ్ము ఎటు పోతున్నాయో కనిపెట్టే చదువే చదువుతా అంటున్నది. మేము సీఎస్ఈ అనుకున్నాం. ఆ చదువుకు ఉద్యోగం ఉంటదా సార్?

జవాబు: ఉద్యోగం సంగతికి వస్తా, అన్నా. ముందు మీరూ ఒకసారి పాప పక్కన కూర్చుని ఆ ఫోన్ చూడండి. శాటిలైట్లు పట్టిన మంటలను చుక్కలుగా చూపే నాసావాళ్ల ఫిర్మ్స్ మ్యాపు అయి ఉంటుంది, పైసా కట్టే పని లేదు. యాసంగి వరి కోతలయ్యాక తెరిస్తే మన వైపు కూడా ఎర్ర చుక్కలు పడతాయి. కొన్ని పాకాల, ఏటూరునాగారం అడవుల్లో మంటలు, కొన్ని కొయ్యకాళ్లకు నిప్పు పెట్టిన పొలాలు. (మీ మడి అందులో ఉంటే పాప ఈపాటికే పట్టేసి ఉంటుంది.) అయితే చుక్క పడిన చోటే మంట ఉందని కాదు. శాటిలైట్ మీదుండే వీర్స్ అనే పరికరం నేలను 375 మీటర్ల గళ్లుగా చూస్తుంది, ఆ గడిలో ఎక్కడో వేడి తగిలిందని మాత్రమే అర్థం. శాటిలైట్ మన మీదుగా పోని టైములో కాలి ఆరిపోతే చుక్కే ఉండదు. ఈ సమాచారంతోనే డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అటవీ సిబ్బంది ఫోన్లకు మంటల మెసేజ్‌లు పంపుతుంది.

మంటను పట్టడం కొంత నయం. పొగనూ దుమ్మునూ విడదీయడమే అసలు విద్య. ఫొటోలో రెండూ పల్చటి తెరలాగే కనిపిస్తాయి. పొగ రేణువులు ఎక్కువగా 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే సన్నం, నేల వేడి కిరణాలు వాటిని దాటుకుని పైకి వచ్చేస్తాయి. థార్ ఎడారి దుమ్ము ముతక, పైగా ఖనిజం. ఆ వేడి కిరణాల్లో 11 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్నవాటిని ఒకలా, 12 ఉన్నవాటిని ఇంకోలా ఆపుతుంది. ఆ రెండు కొలతల తేడా చూసి 'ఇది దుమ్ము' అని తేలుస్తారు. మధ్యలో మబ్బు అడ్డమొస్తే కింద ఏముందో తెలియదు. 2023 జూన్‌లో కెనడా అడవుల పొగ న్యూయార్క్ ఆకాశాన్ని నారింజ రంగులోకి మార్చినప్పుడు దాని దారిని గీసి చూపించింది శాటిలైట్ కొలతలే. మనకూ 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి రోజంతా మన దేశాన్నే చూస్తుండే వాతావరణ శాటిలైట్ ఇన్సాట్-3డీఎస్ ఉంది, 2024 ఫిబ్రవరిలో పంపారు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఏముంది? సగం ఫిజిక్స్, లెక్కలు. మిగతా సగం కోడింగ్, ఎందుకంటే శాటిలైట్ బొమ్మ అంటే లక్షల అంకెల పట్టిక. అందుకే సీఎస్ఈ వేస్తే పాప దారి మూసుకుపోదు. బీటెక్ తర్వాత గేట్ పరీక్ష రాసి రిమోట్ సెన్సింగ్ (దూరం నుంచి నేలను కొలవడం), జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల విద్య)లో ఎంటెక్ చేయొచ్చు. మన వరంగల్ నిట్‌లోనూ ఆ కోర్సు ఉంది, సీఎస్ఈ వాళ్లను తీసుకుంటారో లేదో ముందే చూసుకోండి. ఫిజిక్స్ మీదే ప్రాణం పెట్టే పిల్లయితే బీఎస్సీ చేసి వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీకి పోవచ్చు, ఆంధ్రా యూనివర్సిటీలో ఆ విభాగం ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే తిరువనంతపురంలోని ప్రభుత్వ స్పేస్ విద్యాసంస్థ ఐఐఎస్‌టీ. పేరులో 'స్పేస్' ఉందని మాత్రం ఏ ప్రైవేటు కాలేజీలోనూ డొనేషన్ కట్టకండి.

ఉద్యోగాలంటారా, హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ లాంటి చోట పర్మినెంట్ పోస్టులు తక్కువ. ముందు జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్), ప్రాజెక్టు పోస్టులతో మొదలవుతుంది, ఆ జీతం సాఫ్ట్‌వేర్ పిల్లల జీతం ముందు చిన్నబోతుంది. ఇది పాపకు ఇప్పుడే చెప్పాలి. కోడింగ్ చేతిలో ఉంటే మ్యాపింగ్ కంపెనీలకైనా పోగలదు.

నా దగ్గరికొచ్చే అబ్బాయి ఒకడు మూడు నెలల సర్టిఫికెట్ కోర్సుకు బాగానే కట్టి, మ్యాపులకు రంగులేయడం నేర్చుకుని వచ్చాడు. డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్ కోర్సులు ఊరికే దొరుకుతాయి, పరీక్షలయ్యాక ఒకటి చేయమనండి.

ఈలోపు చిన్న పని. ఊరికొచ్చినప్పుడు డాబా మీది నుంచి పొగ కనిపిస్తే ఎటువైపు, ఎన్ని గంటలకు అని పాపను నోట్‌బుక్‌లో రాయమనండి. రాత్రి మ్యాపులో చుక్క పడిందో లేదో పక్కనే రాయాలి, పడకపోతే ఎందుకో కూడా. పదిహేను రోజుల తర్వాత ఆ నోట్‌బుక్ పట్టుకుని ఇద్దరూ రండి.