ఆఫీసు ఐపీకి కొత్త సర్వర్, మిగతావాళ్లకి పాతది: ఇంజిన్ఎక్స్‌లో నేను చేసింది

ఆఫీసు నుంచి వచ్చేవాళ్లకి సైట్ కొత్త వెర్షన్, బయటివాళ్లందరికీ పాతదే కనిపించాలి, దానికి ఇంజిన్ఎక్స్ (nginx) అనే వెబ్ సర్వర్‌లో ఇఫ్‌ల (షరతుల) మీద ఇఫ్‌లు రాస్తున్నాను అన్నారు కదా. ఆ ఇఫ్‌లన్నీ తీసేయండి. ఈ పనికి జియో (geo) అనే బ్లాక్ ఉంది (సిమ్ కార్డు కాదండోయ్), వచ్చినవాళ్ల ఐపీని బట్టి వేరియబుల్‌కి విలువ ఇస్తుంది. దాన్ని హెచ్‌టీటీపీ బ్లాక్ లోపల, సర్వర్ బ్లాక్ బయట రాయాలి. ఒక వేరియబుల్ పెట్టుకుని, డిఫాల్ట్‌కి పాత అప్‌స్ట్రీమ్ (వెనకుండి పేజీలిచ్చే అసలు సర్వర్) పేరు, మీ ఆఫీసు ఐపీకి కొత్త అప్‌స్ట్రీమ్ పేరు ఇవ్వండి. రిక్వెస్ట్‌ని ఎటు పంపాలో చెప్పే ప్రాక్సీ పాస్‌లో ఆ వేరియబుల్ వాడండి, అంతే. పేర్లలో అక్షరం తేడా వస్తే మాత్రం దాన్ని సైట్ పేరనుకుని డీఎన్ఎస్‌లో వెతకబోయి, రిజాల్వర్ (పేరుకి ఐపీ వెతికిపెట్టే సర్వర్) లేదంటూ 502 ఎర్రర్ ఇస్తుంది.

రాయడం పది నిమిషాల పనే. నాకు మాత్రం ఒక పూట పోయింది. ఐపీ సరిగ్గానే ఇచ్చాను, కాన్ఫిగ్ టెస్ట్ ఓకే అంది, రీలోడ్ చేశాను. అయినా మా అందరికీ పాత పేజీయే. నాలుగుసార్లు తిరగరాశాక గానీ యాక్సెస్ లాగ్ (ఏ ఐపీ నుంచి ఏం అడిగారో రాసుకునే ఫైల్) తెరవాలని తట్టలేదు. తెరిస్తే ప్రతి లైను మొదట్లోనూ 10.0.3.17! అది లోడ్ బ్యాలెన్సర్ ఐపీ. వచ్చే రిక్వెస్ట్‌లన్నీ ముందు అందుకుని మా సర్వర్‌కి పంపే ఆ యంత్రం మధ్యలో ఉందన్న సంగతే మర్చిపోయాను. ఇంజిన్ఎక్స్ లెక్కలో ఊరంతా కలిపి ఒక్క మనిషే.

అసలు ఐపీ ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అనే హెడర్‌లో (రిక్వెస్ట్‌తో పాటు వచ్చే అదనపు సమాచారంలో) వస్తుంది. రియల్ ఐపీ హెడర్‌గా దాన్ని చెప్పి, ఎవరు పంపిన హెడర్‌ని నమ్మాలో చెప్పే సెట్ రియల్ ఐపీ ఫ్రమ్‌లో లోడ్ బ్యాలెన్సర్ ఉన్న రేంజ్ ఒక్కటే ఇవ్వండి, మాది 10.0.0.0/16. ఆ టెన్షన్‌లో నేను 0.0.0.0/0 (అంటే అందరూ) పెట్టి, రికర్సివ్ (హెడర్‌లో చివరి నుంచి నమ్మిన ఐపీలన్నీ దాటుకుంటూ వెళ్లే సెట్టింగ్) కూడా ఆన్ చేశాను. పనిచేసింది, హమ్మయ్య అనుకున్నాను. రాత్రి మా సీనియర్ ఇంట్లో కూర్చుని, కర్ల్ (కమాండ్‌తో రిక్వెస్ట్ పంపే టూల్) తో ఆ హెడర్‌లో ఆఫీసు ఐపీ రాసి పంపి, వచ్చిన కొత్త పేజీని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టారు. అందర్నీ నమ్మమని చెబితే హెడర్‌లో అన్నిటికంటే ముందున్న ఐపీనే తీసుకుంటుంది, అది ఎవరైనా సొంతంగా రాసుకోగలిగింది.

ఇంకోటి, ప్రాక్సీ పాస్‌లో వేరియబుల్ తర్వాత స్లాష్ పెట్టకండి. పెడితే ఏ లింకు నొక్కినా వెనకున్న అసలు సర్వర్‌కి ఉత్త స్లాషే వెళ్తుంది. సీఎస్ఎస్ ఫైల్ అడిగినా హోం పేజీయే చేతిలో పెడుతుంది.

మీ డొమైన్‌కి ఐపీవీ6 (కొత్త తరహా పొడవైన ఐపీ) ఉంటే ఆఫీసు ఐపీవీ6 రేంజ్ కూడా జియో బ్లాక్‌లో చేర్చండి, లేకపోతే సగంమందికి కొత్తది, సగంమందికి పాతది కనిపిస్తుంది. ఇంటినుంచి పనిచేసే టెస్టర్ల ఐపీలు రోజూ మారుతుంటే వాటి వెంట పడలేం. వాళ్లకి మేం ఒక కుకీ ఇచ్చి, మ్యాప్ బ్లాక్‌తో దాన్ని చూసి కొత్త సర్వర్‌కి పంపుతున్నాం.