నన్ను నేను ‘అరేయ్’ అంటే పలికేదెవరు?

ఒంటరిగా ఉన్నప్పుడు మీరు మిమ్మల్నే ‘నువ్వు’ అనుకుంటారని, ఒక్కోసారి పేరు పెట్టి కూడా పిలుచుకుంటారని, ఇది మామూలేనా అని అడిగారు. మామూలే. మా వరంగల్‌లో అయితే ‘నువ్వు’ దగ్గర కూడా ఆగం, నేరుగా ‘అరేయ్’ అనేస్తాం.

నేను ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమస్తాని. మిర్చి సీజన్లో తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలు, రాసేవాడు నోరు మూసుకుని రాయలేడు. లెక్క సాఫీగా నడుస్తున్నంతసేపు నా మాటల్లో నేనూ ఉండను, నువ్వూ ఉండదు. ‘ఇది అయింది, ఇగ అది చూడాలె’, అంతే. తూకం చిట్టీకి, తక్‌పట్టీకి పొంతన కుదరకపోతే మాత్రం ‘ఏందిరా ఇది, కండ్లు యాడ పెట్టినవ్?’ అని వచ్చేస్తుంది. డబ్బుల కోసం రైతు ఎదురుగా నిలబడి ఉంటే మళ్లీ మారుతుంది: ‘మనకేం తొందర లేదు, మెల్లగ చేద్దాం.’ ఉన్నది ఒక్కణ్నే, అయినా ఆ ‘మనం’తో సగం టెన్షన్ పోతుంది.

దీనిమీద పరిశోధన కూడా ఉంది. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీకి చెందిన ఈథన్ క్రాస్ బృందం 2014లో ఒకటి ప్రచురించింది. ప్రసంగానికి సిద్ధమయ్యేవాళ్లలో కొందరిని మనసులో ‘నేను’ అనుకోమన్నారు, మిగతావాళ్లని తమ పేరుతోనో ‘నువ్వు’ అనో పిలుచుకోమన్నారు. అలా పిలుచుకున్నవాళ్లు మెరుగ్గా మాట్లాడారు, అయ్యాక కుమిలిపోవడమూ తక్కువే. పక్కవాడికి సలహా చెప్పినట్టు మన సంగతిని కాస్త దూరం నుంచి చూడగలగడమే దీనికి కారణమని వాళ్ల వాదన.

అయితే ఇంగ్లీషు ‘యూ’ అందరికీ ఒకటే. మన ‘నువ్వు’ వెనక రా, వే తయారుగా ఉంటాయి. నన్ను నేను తిట్టుకునేటప్పుడు వినిపించేది మా బాపు గొంతే, అదే విసురుతో. మా అక్కయితే ‘ఏమే పిచ్చిదానా’ అనుకుంటుంది, అది అచ్చం అమ్మ మాట. పిల్లలు ముందు పెద్దవాళ్లతో మాట్లాడతారని, తర్వాత పైకే తమతో తాము మాట్లాడుకుంటారని, చివరికి ఆ మాట లోపలికి పోతుందని రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ ఎప్పుడో చెప్పాడు. మా ఇంట్లో చూస్తే నిజమే అనిపిస్తుంది. (తనను తాను ‘మీరు’ అనుకునే మనిషి మాత్రం నాకింతవరకు తగల్లేదు.)

కాబట్టి పేరు పెట్టి పిలుచుకోండి, కానీ ఎవరి గొంతుతో పిలుచుకుంటున్నారో చూసుకోండి. తిట్టే గొంతయితే ఆ పేరే ఇంకా భయపెడుతుంది. బ్యాంకులో పెద్దసారును కలవాల్సి వచ్చినప్పుడు నాకు మా మేనమామ పిలుపు పనిచేస్తుంది: ‘ఏం గాదు అల్లుడా, పో.’ పైకి అనాలనిపించి పక్కన జనం ఉంటే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, ఫోన్ మాట్లాడుతున్నారనుకుంటారు.